‘బండి లాగట్లేదన్నా’: సటీకా తాత్పర్యం

మూలం: “అన్నా, బండి అస్సలు లాగట్లేదు. కాస్త చూడు.”

అవతారిక. విజయవాడ ఆటోనగర్‌లో షట్టర్ ఎత్తీ ఎత్తకముందే వినబడే ఈ వాక్యానికి కర్త ఫలానా అని తేల్చడం కష్టం. కారున్న ప్రతివాడూ ఏదో ఒకనాడు కర్తే. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కొల్చారం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఈ వాక్యానికి వ్యాఖ్యాతలైన మెకానిక్కుల్లో అంత నిష్ఠ గలవారు కొందరే. మూలంలో లేని స్పార్క్ ప్లగ్గులూ, అక్కర్లేని ఇంజెక్టర్లూ బిల్లులోకి ఎక్కేది అందుకే.

ప్రతిపదార్థం. అన్నా = ఓ మెకానిక్కూ! ఎదుటివాడు వయసులో చిన్నవాడైనా ఇక్కడ అన్నే. బిల్లు చేతికొచ్చాక ఈ సంబోధన నిలుస్తుందన్న హామీ లేదు.

బండి = ఇంజిన్ అని కొందరి వ్యాఖ్య. అది అవ్యాప్తి దోషం. బండిలో క్లచ్ ఉంది, బ్రేకులున్నాయి, గాలి తగ్గిన టైర్లూ ఉన్నాయి. నాలుగు కిలోమీటర్లు నడిపి ఆపి, ప్రతి చక్రం దగ్గరా అరచేయి పెట్టి చూడాలి. మూడు రిమ్ములు గోరువెచ్చగా ఉండి ఒక్కటి సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేక్ పట్టేసినట్టే, ఇంజిన్ నిర్దోషి. నాలుగో గేర్లో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి, స్పీడు ముల్లు మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేటు అరిగి జారుతోందని అర్థం. ఇంజిన్ తన పని తాను చేస్తూనే ఉంది, ఆ బలం చక్రాల దాకా చేరడం లేదు.

అస్సలు = అతిశయోక్తి. అస్సలు లాగకపోతే షెడ్డుదాకా ఎలా వచ్చిందట? కనుక వ్యాఖ్యాత బానెట్ ఎత్తకుండా కర్తనే నాలుగు ప్రశ్నలు అడగాలి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనా, వేయకపోయినానా? ఏ గేర్లో? ఎన్నాళ్లుగా? కొన్ని కార్లకు బద్ధకం రోగం కాదు, స్వభావం. 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్‌నే తీసుకోండి. దాని 190 న్యూటన్ మీటర్ల టార్క్ 2000 ఆర్‌పీఎం దగ్గర అందేది. అంతకు దిగువన టర్బో ఇంకా ఊపందుకోదు. పెట్రోల్ కారు నుంచి దానికి మారినవాడు మొదటివారం ఈ వాక్యం పలికితే మందు గేరు దించడమే.

లాగట్లేదు = ఇదే ప్రధాన క్రియ. ‘గుంజుతలేదు’ అని తెలంగాణ పాఠాంతరం; రోగం ఒకటే. ఇంజిన్‌కు గాలి, ఇంధనం, పెట్రోల్‌దైతే నిప్పురవ్వ కూడా కావాలి. పెట్రోలు పాలు ఒకటైతే గాలి పాళ్లు బరువులో సుమారు 14.7. ఈ లెక్క తప్పితే బండి నీరసిస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పడిపోతుందని లోకప్రసిద్ధి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షించి చూస్తే, ఇప్పటి ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో మైలేజీ పెద్దగా మారలేదు, దెబ్బతిన్నది పికప్పే. ఫిల్టర్ డబ్బా మూత తీస్తే కొన్నిసార్లు దుమ్ముతోపాటు వేరుశనగ తొక్కలూ, పీచూ కనిపిస్తాయి. వినాయకుడికి వాహనమైన ఎలుక ఇక్కడ స్వయంగా వాహనం సంపాదించుకుందన్నమాట.

ఇక స్కానర్. భారత్ స్టేజ్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి కావడంతో స్టీరింగ్ కింది సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కోడ్ వస్తుంది. కోడ్ రాగానే పార్టు మార్చేవారు ఒక సంగతి మరుస్తారు: కోడ్ కూడా సూత్రమే, దానికీ టీక కావాలి. ‘పీ0171’ అంటే మిశ్రమం పలచబడిందని మాత్రమే. ఆక్సిజన్ సెన్సర్ పోయిందని అందులో ఎక్కడా లేదు. పలచన అని కబురు మోసుకొచ్చిన సెన్సర్‌నే ముందు పీకేయడం షెడ్లలో ఆనవాయితీ. గాలి కొలిచే సెన్సర్ మీద మురికి పట్టినా, దాని తరువాత పైపు చీలి లెక్కకు రాని గాలి దూరినా, పెట్రోల్ పంపు ఒత్తిడి తగ్గినా అదే కోడ్ వస్తుంది.

ఉదాహరణ. టర్బో డీజిల్ కారు దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతోంది. తొక్కితే వెనక నల్లపొగ, ముందు ‘స్స్’మని చప్పుడు, చెక్ ఇంజిన్ లైటు. స్కానర్‌లో ‘పీ0299’, అంటే టర్బో ఒత్తిడి చాలడం లేదని. టర్బో మార్చాలనే తీర్పుకు తొందరపడకూడదు. ఇంజిన్ ఆపి చల్లారాక, ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే రబ్బరు పైపు మీద నూనె జిడ్డు ఎక్కడుందో చూసి, గుడ్డతో తుడిచి, మడత అడుగున వేలితో తడమాలి. పైకి కనబడని చీలిక అక్కడ గోటికి తగులుతుంది. కొలిచిన గాలి దారిలోనే కారిపోతుంటే సిలిండర్లో డీజిల్ పూర్తిగా కాలదు, అదే పొగగా బయటకొస్తుంది. పైపు చక్కగా ఉంటేనే వేస్ట్‌గేటు, ఆ తరువాతే టర్బో. ఈ క్రమం తిరగబడితే ఖర్చు వేల నుంచి లక్ష దాకా పాకుతుంది.

శంక: పెట్రోల్ బండి లాగకపోవడం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మహిమేనా? సమాధానం: లీటరు ఇథనాల్‌లో ఉన్న శక్తి పెట్రోల్లో దాదాపు మూడింట రెండు వంతులే, కాబట్టి ఇ20 పోస్తే లీటరుకు వచ్చే దూరం కొంత తగ్గుతుంది. పికప్ సంగతి వేరు. ఇంజెక్టర్ మరికాస్తసేపు తెరుచుకుని లోటు చాలావరకు పూడుస్తుంది. నిన్నటిదాకా పరుగెత్తి ఇవాళ చతికిలబడిన బండికి ఈ వాదం అతకదు. బంకులో నీళ్లు కలిసిన పెట్రోలు పోశాడన్న అనుమానం ఉంటే ట్యాంకులోది సీసాలోకి తీసి కాసేపు నిలవనివ్వాలి. నీళ్లు బాగా కలిసి ఉంటే అడుగుకు చేరతాయి.

కాస్త = తక్కువ ఖర్చులో అని వ్యంగ్యార్థం. చూడు = నడిపి చూడు. ఇది చాలామంది వదిలేసే పదం. నిలబెట్టి రేజ్ ఇస్తే ఇంజిన్ హాయిగా అరుస్తుంది, బరువు మీద పడితేగాని బండారం బయటపడదు. పక్కసీట్లో కర్తను కూర్చోబెట్టుకుని అతను చెప్పిన రోడ్డు మీదే, అతను చెప్పిన గేర్లోనే నడపాలి. రిపేరు అయ్యాకా అదే రోడ్డు, అదే గేరు.

ఈ మూలానికి ప్రక్షిప్తమని తోసిపుచ్చలేని ఉత్తరార్ధం ఒకటుంది. తాళాలు ఇచ్చి గేటు దాకా వెళ్లిన కర్త వెనక్కి తిరిగి పలుకుతాడు: “పనిలో పనిగా ఆ ఏసీ కూడా చూడన్నా.” దాని టీకకు వేరే రేటు.