చిక్కుడు పందిరి వాక్యం: టీకా తాత్పర్యం

మూలం: "పాదుకు మందు కొట్టకండి. పనివాళ్ళున్నారు."

అవతారిక: చిక్కుడు కొనలకు నల్ల పేనుబంక పట్టింది. ఇంటాయన స్ప్రే డబ్బా పట్టుకొని పెరట్లోకి బయలుదేరబోగా, ఇల్లాలు పందిరి రాటకు తగిలించిన అట్టముక్క మీది వాక్యమిది.

ప్రతిపదార్థం: పాదుకు = చిక్కుడుపాదుకు (పక్కనున్న వంగకు కూడా అని కొందరు); మందు = పురుగుతోపాటు దాన్ని తినేవాటినీ చంపునది; కొట్టకండి = చల్లకండి (ఇక్కడ బహువచనం గౌరవార్థకం. ఏకవచనమై ఉంటే వ్యవహారం ముదిరిందని గ్రహించాలి); పనివాళ్ళు = మిత్రపురుగులు; ఉన్నారు = కూలి అడగకుండానే ఉన్నారు.

వ్యాఖ్య: వీరిలో మేస్త్రీ అక్షింతల పురుగు. ఎర్రగా, నున్నగా, నల్లచుక్కలతో ఉండే పెద్దదాన్ని అందరూ ముద్దు చేస్తారు. చిక్కంతా పిల్లపురుగుతోనే. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో మొసలిపిల్లలా ఉంటుంది. పేనును వందల్లో తినేది ఇదే, చీడనుకొని జనం నలిపేసేదీ దీన్నే!

వంగాకును జల్లెడ చేసేదీ అక్షింతల పురుగే కదా అని పూర్వపక్షం. ఆ దాయాది వేరు. దాని వీపు మీద సన్నని నూగుంటుంది, మెరుపుండదు. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉంటుంది. దాన్ని ఏరి పారేయడానికి ఈ వాక్యం అడ్డు రాదు.

ఇక కొన దగ్గర కదలకుండా, ఉబ్బి, గోధుమరంగుకు తిరిగిన పేను కనబడితే వీపున గుండ్రటి కన్నముందేమో చూడాలి. ఉంటే, కంటికి ఆననంత చిన్న కందిరీగ అందులో గుడ్డు పెట్టిందనీ, పిల్ల లోపలంతా తిని, పెరిగి, కప్పు కోసుకొని ఎగిరిపోయిందనీ అర్థం. అద్దెకు దిగి ఇంటినే ఆరగించడం! ఇందులో రసం భయానకమా, హాస్యమా అన్నది పేను పక్షమో, పాదు పక్షమో తేల్చుకున్నాక చెప్పాలి.

ప్రమాణం: 1888లో ఆల్బర్ట్ కోబెలె ఆస్ట్రేలియా నుంచి పంపిన అక్షింతల పురుగులు కాలిఫోర్నియా నారింజ తోటలను పొలుసు పురుగు బారినుంచి కాపాడాయి. మన బొప్పాయి పిండినల్లి మీదికి 2010లో ప్యూర్టోరికో నుంచి ఇటువంటి బుల్లి కందిరీగనే తెప్పించారు.

విఘ్నం: చీమలు. పేను విడిచే తీపి బంక కోసం కాపలా కాసి, పనివాళ్ళను తరుముతాయి. ముందు వాటి దారి తెంపాలి.

తాత్పర్యం: ఓ నాథా! డబ్బా దించుము. చేతులు ఊరుకోకపోతే గొట్టం నీళ్ళతో కొనలు కడుగుము. కొంత పేను మాత్రం మిగలనిమ్ము. అంతా కడిగేస్తే తిండి లేక మన పనివాళ్ళు పక్కింటి పెరటికి పోతారు.