సముచిత స్థానం

ఇందిరాగాంధీ పార్టీని ఆంధ్రదేశం నుంచి తరిమేయడానికి పుట్టిన తెలుగుదేశం మొదటి పొత్తు ఎవరితో పెట్టుకుందో గుర్తుందా? ఇందిరాగాంధీ చిన్నకోడలితో. 1982 మార్చి 29న ఇక్కడ ఎన్టీఆర్ పార్టీ ప్రకటించారు. అదే నెలాఖరున అక్కడ మేనకాగాంధీ అత్తగారిల్లు వదిలి బయటికొచ్చారు. 1983 జనవరి ఎన్నికల నాటికి ఇద్దరికీ పొత్తు కుదిరింది. ఆవిడ సంజయ్ విచార్ మంచ్‌కు ఐదు సీట్లిస్తే నాలుగు గెలిచింది. తెలుగువాడి ఆత్మగౌరవానికీ ఢిల్లీలో అత్తాకోడళ్ల తగవుకూ సంబంధమేమిటని అడిగే తీరిక అప్పుడెవరికీ లేదు. ఎన్టీఆర్ ప్రచార బండి చైతన్యరథం రాత్రి ఏ వేళకొస్తుందో తెలియక జనం రోడ్డు పక్కనే పడుకుని ఉన్నారు.

శత్రువు ఢిల్లీలో ఉంటాడు, మిత్రుడూ ఢిల్లీలోనే దొరుకుతాడు. నలభై ఏళ్లు దాటినా ఈ పార్టీ ఆ సూత్రం తప్పలేదు. తప్పిందల్లా ఎవరు శత్రువు, ఎవరు మిత్రుడు అన్న వరసే. అంత చిన్న విషయాన్ని పట్టుకుని వేళాకోళం చేయడం నాకూ బాగోలేదు గానీ, కాలమ్ రాయాలి కదా.

1985లో అయితే ఒకే బండికి బీజేపీనీ, సీపీఐనీ, సీపీఎంనూ కట్టి తోలారు. ఈ రోజుల్లో ఆ ముగ్గురినీ ఒక టీవీ చర్చలో కూర్చోబెడితే యాంకర్ అంబులెన్స్‌ను సిద్ధంగా పెట్టుకోవాలి. అంతకు ముందు ఏడాది దేశమంతా కలిపి బీజేపీకి దక్కినవి రెండే ఎంపీ సీట్లు. ఆ రెండింట్లో ఒకటి మన హన్మకొండ. ఓడిపోయింది సాక్షాత్తూ పీవీ నరసింహారావు. కమలానికి ఇక్కడ నీళ్లు పోసిందెవరో సైకిల్ తొక్కేవాళ్లకు తెలుసు.

1989 మరీ ముచ్చట. ఎన్టీఆర్ నేషనల్ ఫ్రంట్ చైర్మన్, వీపీ సింగ్ కన్వీనర్. ఫ్రంట్ ఢిల్లీలో గద్దెనెక్కింది, చైర్మన్ హైదరాబాద్‌లో గద్దె దిగారు. తెలుగుదేశానికి వచ్చిన లోక్‌సభ సీట్లు రెండు. పెళ్లిపెద్ద ఇంట్లో పొయ్యి వెలగలేదు, పెళ్లి మాత్రం ఘనంగా జరిగింది. రెండేళ్లకు పీవీ ప్రధాని హోదాలో నంద్యాల ఉపఎన్నికకు దిగితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీయే పెట్టలేదు. ఇది నేను వెక్కిరించను. ఈ కథలో నిజంగా ఆత్మగౌరవం లాంటిది కనిపించిన చోటు అదొక్కటే. పైగా దానికి సీట్ల సర్దుబాటు అక్కరలేదు.

తర్వాత చంద్రబాబు హయాం. 1996లో యునైటెడ్ ఫ్రంట్‌కు ఆయనే కన్వీనర్. బయటినుంచి ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టింది కాంగ్రెస్. 1998లో కమ్యూనిస్టులతో కలిసి బీజేపీ మీద పోటీ చేశారు. ఫలితాలొచ్చాక వాజ్‌పేయికి మద్దతిచ్చారు, తెలుగుదేశం ఎంపీ బాలయోగి లోక్‌సభ స్పీకరయ్యారు. ఊళ్లో ఎర్రజెండా పట్టుకుని వెంట నడిచిన సీపీఎం కార్యకర్త సైకిల్ ఎటు మలుపు తిరిగిందో పేపర్లో చదివి తెలుసుకున్నాడు. 1999లో కమలంతో కలిసి 29 ఎంపీ సీట్లు, 2004లో అదే కమలంతో ఓటమి, ఆపైన విడాకులు. కావాలంటే ఇక్కడ ఒక నిట్టూర్పు విడవండి, ముందు ఇంకా చాలా ఉంది.

పిల్లలకు పెద్దల బుద్ధులు రాక మానవు. 2001లో తెలుగుదేశం గూటి నుంచే బయటికెళ్లి కేసీఆర్ టీఆర్ఎస్ పెట్టారు. తల్లి పార్టీకి ఆత్మగౌరవం తెలుగువాడిది, పిల్ల పార్టీకి తెలంగాణవాడిది. పొత్తుల విద్యలో మాత్రం పిల్లది పైచేయి. 2004లో కాంగ్రెస్‌తో, 2009లో తెలుగుదేశం, కమ్యూనిస్టులతో కలిసి మహాకూటమి. ఆ కూటమిలో కొన్ని సీట్లలో మిత్రులే ఒకరి మీద ఒకరు నామినేషన్ వేసుకున్నారు. దాన్ని స్నేహపూర్వక పోటీ అన్నారు. ఇద్దరు మనుషులు స్నేహపూర్వకంగా కొట్టుకుంటే పోలీసులు ఏ సెక్షన్ పెట్టాలో చెప్పలేదు. ఇక్కడ పోలింగ్ ముగిసింది, పెట్టెల్లో ఓట్లు ఇంకా లెక్క కాలేదు. ఈలోగా మే 10న కేసీఆర్ లూథియానాలో ఎన్డీఏ సభ వేదికమీద కనిపించారు. మహాకూటమి చితి అంటుకోకముందే చితాభస్మం నదిలో కలిపిన ఘనత ఆయనదే. పదమూడేళ్లకు, 2022 దసరా నాడు, ఆయన పార్టీ పేరులోంచి తెలంగాణను తీసేసి భారత్‌ను పెట్టారు. 2024 లోక్‌సభలో ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. భారతదేశం ఇంకా ఆలోచిస్తున్నట్టుంది.

తల్లి పార్టీ దగ్గరికి వద్దాం. 2014లో రాష్ట్ర ప్రయోజనాల కోసం ఎన్డీఏలో చేరింది. 2018 మార్చిలో రాష్ట్ర ప్రయోజనాల కోసమే బయటికొచ్చి, జులైలో మోదీ మీద అవిశ్వాసం పెట్టింది. అదే ఏడాది నవంబర్ 28న ఖమ్మంలో చంద్రబాబు, రాహుల్‌గాంధీ ఒకే వేదికమీద చేతులు కలిపి పైకెత్తారు. ముప్పై ఆరేళ్లుగా చెయ్యి గుర్తు కనపడితే సున్నం కొట్టిన కార్యకర్త, సైకిల్ పక్కన అదే చేతిని గీయాల్సి వచ్చింది. సైకిల్‌కు ఆ తెలంగాణ ఎన్నికల్లో వచ్చినవి రెండు సీట్లు. ఆ ఇద్దరు ఎమ్మెల్యేలూ తర్వాత కేసీఆర్ కారెక్కారు. 2024లో మళ్లీ రాష్ట్ర ప్రయోజనాల కోసం ఎన్డీఏ. పాపం ఆ ప్రయోజనాలకు కాళ్లుంటే ఈపాటికి అరిగిపోయేవి.

అయితే 2024 లెక్క వేరు. 2023 సెప్టెంబర్ 14న చంద్రబాబు ఉన్న రాజమండ్రి జైలు బయట జనసేన నేత పవన్‌కల్యాణ్ పొత్తు ప్రకటించారు. తర్వాత బీజేపీ వచ్చి చేరింది. పోటీ చేసిన సీట్లు తెలుగుదేశం 144, జనసేన 21, బీజేపీ 10. గెలిచినవి 135, 21, 8. ఇంత శుభ్రంగా ఓటు బదిలీ అవడం ఈ దేశంలో అరుదు. అది నాయకుల చాణక్యమని టీవీలు చెప్పాయి. కాదు, ఆ బదిలీ చేసినవాడు వేరే ఉన్నాడు.

సీట్ల పంపకం ప్రకటించిన రాత్రి చూడాలి ఆ మనిషిని. ఐదేళ్లు ఊళ్లో ప్రతి పెళ్లికీ, ప్రతి దినానికీ తిరిగాడు, కేసులు పెట్టించుకున్నాడు, ఫ్లెక్సీలకు వడ్డీకి తెచ్చాడు. టీవీ కింద స్క్రోలింగ్‌లో ఆయన నియోజకవర్గం పేరు, పక్కన జనసేన గాజు గ్లాసు. గుమ్మం ముందు అనుచరులు ఆయన ఫొటో ఉన్న ఫ్లెక్సీనే తగలబెడతారు, వేరేది చేతికి దొరకదు కాబట్టి. ఒకడు పెట్రోలు సీసా ఎత్తుతాడు. ఇంకొకడు అగ్గిపెట్టె లాక్కుంటాడు, కెమెరా వచ్చాకే. మర్నాడు ఉండవల్లిలో అధినేత ఇంటి నుంచి కబురు. లోపల పది నిమిషాలు. బయటికొచ్చి, గొంతు సవరించుకుని, ‘అధినేత మాటే శిరోధార్యం, సముచిత స్థానం కల్పిస్తామన్నారు’ అంటాడు. ఆ సాయంత్రమే, నిన్నటిదాకా తన మీద కేసు పెట్టిన మనిషి మెడలో మిత్రపక్షం కండువా చూసి, అన్నా అని కౌగిలించుకుంటాడు. ఓటు బదిలీ అంటే ఆ కౌగిలింతే.

పిఠాపురం సంగతి అందరికీ తెలిసిందే. అక్కడి తెలుగుదేశం మాజీ ఎమ్మెల్యే పవన్ కోసం పక్కకు జరిగారు. 2025 మార్చిలో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీల జాబితా వచ్చింది. ఐదు ఖాళీలు. జనసేన నుంచి నాగబాబు. బీజేపీ నుంచి, తెలుగుదేశంతో పొత్తంటేనే గిట్టదని పేరున్న సోము వీర్రాజు. ఎనిమిది మంది ఎమ్మెల్యేలతో ఎవరూ ఎమ్మెల్సీ కాలేరు, మిగతా బలం ఎవరు సర్దారో వేరే చెప్పాలా? అంతా ఏకగ్రీవం. పిఠాపురం మాజీ ఎమ్మెల్యే పేరు మాత్రం అందులో లేదు.

మన స్క్రోలింగ్ మనిషి పేరూ లేదు, ఉంటుందని ఎవరూ అనుకోలేదు. మొన్న ఆయన కొడుకు ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం కోసం తాను సీటు వదిలి గెలిపించిన ఎమ్మెల్యే ఇంటికి వెళ్లాడు. లోపల సమన్వయ కమిటీ సమావేశం జరుగుతోందట. సముచిత స్థానం కల్పించారు: వరండాలో కుర్చీ వేశారు.