రాజుల ఇంట జత బేరం

లండన్‌లో రాజుగారి కొడుక్కి పెళ్లయితే మా గూడూరులో టీవీలకు కళ్లప్పగించి కూర్చుంటారు. అంత దూరం ఎందుకు? యూరప్ నుంచి కోడళ్లను తెచ్చుకున్న రాజు మనకూ ఉండె. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్! 1800లో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చుల కింద ఆదోనిని రాసిచ్చేసిన వంశం. ఊళ్లిచ్చేటప్పుడు ఆడని బేరమంతా కోడళ్ల దగ్గర ఆడారు.

ఇస్తాంబుల్‌లో పుట్టిన రాచబిడ్డలు వాళ్లు. 1924లో టర్కీ ఖలీఫా పదవినే రద్దుచేసి, ఇంటిల్లిపాదినీ దేశం దాటించింది. ఫ్రాన్స్‌లోని నీస్‌లో తలదాచుకున్న ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు నిజాం నెలనెలా డబ్బు పంపేవాడు. ఆయన కూతురు దుర్రుషెహ్వార్‌ను పెద్దకొడుకు ఆజం జాకు అడిగారు. మధ్యవర్తి మౌలానా షౌకత్ అలీ. పిల్ల తరఫువాళ్లు 50,000 పౌండ్ల మహర్ అడిగారట. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని తర్వాత 1937లో టైమ్ పత్రిక అట్టకెక్కిన ఆసామికి ప్రాణం గిలగిల్లాడింది. చివరికి అదే సొమ్ముకు చిన్నకొడుక్కి బంధువులమ్మాయి నీలోఫర్‌నూ ఇచ్చేట్టు తెగిందని చెప్పుకుంటారు. ఎమ్మిగనూరు జాతరలో ఎడ్ల బేరానికి తువాలు కింద వేళ్లు నొక్కే దళారి మాటే ఇది: ‘జతగా తోలుకుపో అన్నా, ధర అదే!’ 1931లో నీస్‌లోనే పెళ్లిళ్లయ్యాయి. ఒకరికి 17 ఏళ్లు, ఒకరికి 15. పిల్లల్ని అడిగారా అంటారా? ఎద్దునెవరడుగుతారు?

నిజాం లెక్క వేరే. ఖలీఫా రక్తం కలిస్తే మనవడు ముసల్మాన్ లోకానికే పెద్దవుతాడని ఆశ. ఆ మనవడు ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లి లక్షల ఎకరాల్లో గొర్రెల ఫారం పెట్టుకున్నాడు. గొర్రెలకైతే ఆదోని కొండలు చాలవా?

నీలోఫర్‌కు పిల్లలు పుట్టలేదు. 1952లో విడాకులు. కానీ అంతకుముందే, దాసి రఫత్ కాన్పులో చనిపోతే, ఇంకే తల్లికీ ఆ గతి పట్టకూడదని ఆసుపత్రికి పట్టుబట్టింది. 1953లో హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ఆమె పేరునే తెరిచారు. ఇప్పటికీ చంటిబిడ్డకు జబ్బు ముదిరితే తెలంగాణ పల్లెల్లో ‘నీలోఫర్‌కు తీసుకపో’ అంటారు. దుర్రుషెహ్వార్ పేరున పాతబస్తీలో ఇంకో ఆసుపత్రి ఉంది. బేరం చేసి తెచ్చిన కోడళ్లు దవాఖానాలు మిగిల్చారు. బేరమాడిన వాళ్లు కోర్టు వ్యాజ్యాలు మిగిల్చారు.

నిజాంను చూసి నవ్వుతున్నారా? ఆగండి. మహర్ పిల్లవాడు పిల్లకిచ్చుకునేది. మన దగ్గర తువాలు కింద ఉండేది పెళ్లికొడుకే! కట్నం వద్దని 1961లో చట్టం వచ్చింది కదా అంటే, ‘కట్నం కాదప్పా, లాంఛనాలు’ అంటారు. సంతలో అయితే డబ్బు కట్టినోడు ఎద్దును తోలుకుపోతాడు. ఇక్కడ డబ్బిచ్చి, పిల్లనిచ్చి, అమ్మినోళ్ల కాళ్లకే దండం పెట్టి ఉత్త చేతులతో ఇంటికి రావాలి.