‘నూటపది’కి టీకా తాత్పర్యం

ఆ. మడచి జేబునుంచ మాటాడకుండును
తెఱచి పట్టినంత తెగువ జూపు
వెన్ను నొక్కఁగాని వెనుదిరుగదు కత్తి
నూటపదిగ వెలయు నుక్కుబిడ్డ

అవతారిక: అమెరికాలోని కాన్సస్‌లో కమ్మరం నేర్చిన హాయ్ట్ బక్ వంశంవారు శాన్ డియేగోలో వేటకత్తులు చేసేవారు. వాటిలో 6 అంగుళాల ఫలకం గల 119కి నేటికీ పేరుంది. ఇలాంటి మడవని కత్తుల పనితనం మీద వేటగాళ్ళకు ఎంత గౌరవమో, పొడవు మీద అంత విసుగు. కూర్చుంటే డొక్కలో పొడుస్తుంది, వంగితే తొడకు తగులుతుంది. అంత గట్టిదే కావాలి, కానీ మడవాలి అన్నారు. హాయ్ట్ కుమారుడు ఆల్ బక్ హయాంలో, 1964లో, 110 అనే మడత కత్తి వెలువడింది. పద్యం దాని గురించే. కవి పేరు తెలియదు. పద్యం చూస్తే ఆయన దాచుకోవడమే మంచిదనిపిస్తుంది.

టీక: మడచి = ఫలకమును పిడి గర్భమందు చేర్చి; జేబునన్ = జేబునందు; ఉంచన్ = ఉంచగా; మాటాడక ఉండును = చప్పుడు చేయదు; తెఱచి = బొటనవేలి గోటిని ఫలకము మీది గాడికి తగిల్చి లాగి; పట్టినంతన్ = పట్టుకొనగానే (‘టక్’మను శబ్దము వినబడిన తరువాత అని చెప్పుకోవాలి); తెగువన్ చూపు = పావు తక్కువ నాలుగంగుళాల మేర పౌరుషము కనబరచును; వెన్నున్ = పిడి వెన్నును (ఫలకపు వెన్ను అని అర్థము చెప్పినవారికి వేళ్ళు తెగును); నొక్కన్ కాని = నొక్కితే తప్ప; కత్తి వెనుదిరుగదు = మడుచుకొనదు; నూటపదిగన్ వెలయు = 110 అను అంకెతో ప్రసిద్ధమగు; ఉక్కుబిడ్డ = ఉక్కునకు పుట్టినది. పిడికున్న ఇత్తడి, ఎబొనీ కర్ర తల్లివైపు బంధువులు.

తాత్పర్యం: మడిస్తే బుద్ధిమంతురాలు, తెరిస్తే మొండిఘటం.

విశేషాలు: ‘జేబునుంచ’ అన్నది ఆక్షేపణీయం. దీని బరువు సుమారు 200 గ్రాములు. లాగు జేబులో వేస్తే లాగు జారుతుంది. అందుకే తయారుచేసినవారే బెల్టుకు తగిలించుకునే తోలు ఒర జతచేసి అమ్ముతారు. గణాల కోసం కవి జేబును ఆశ్రయించాడని కొందరు సమర్థిస్తారు. కుదరదు. ‘నడుమునుంచ’ అన్నా గణం చక్కగా సరిపోతుంది. కాబట్టి కవి కత్తిని తూచి చూడలేదనే చెప్పాలి. బరువు మాత్రం దోషం కాదు. మందమైన ఇత్తడి చట్రం ఇరుసు సీలను రెండు పక్కలా పట్టి ఉంచబట్టే ఫలకం అటూ ఇటూ ఊగదు.

మూడో పాదమే పద్యానికి ప్రాణం. మడవని కత్తిలో ఫలకపు ఉక్కే తోకగా సాగి పిడిలోకి దిగుతుంది, సందేహానికి తావులేదు. మడత కత్తిలో ఆ ఉక్కును మధ్యలో తెంపి సీలతో అతుకుతారు. ఇక చేతి బలమంతా ఆ సీల దగ్గరా, దాని పక్కనున్న చిన్న గాడి దగ్గరా తేలాలి. ఈ చిక్కు విప్పడానికి పిడి వెన్నులో ఒక ఉక్కు కడ్డీ పెట్టారు. అది నడుమనున్న సీల మీద తక్కెడ కాడలా ఊగుతుంది. వెనక కొసను స్ప్రింగు పైకి తోస్తే, ముందు కొసనున్న కొక్కెం ఫలకం మొదట్లోని గాడిలో పడుతుంది. వెనక కొసను నొక్కితే కొక్కెం లేస్తుంది. ఈ ఏర్పాటు బక్ వారి సృష్టి కాదు, యూరప్‌లో అంతకుముందే ఉంది. దాన్ని వేటను తట్టుకునేలా బలపరచడమే వారి ప్రతిభ. కొక్కెం గాడిలో వదులైతే ఫలకం కిందికీ మీదికీ ఆడుతుంది. మరీ బిగువైతే కొక్కెం అడుగుదాకా దిగదు, ‘టక్’ కూడా మూగబోతుంది.

తర్వాతి కాలంలో కోల్డ్ స్టీల్ కంపెనీ కత్తులకు ఆండ్రూ డెమ్కో ఇదే పాదానికి ‘ట్రై-యాడ్’ అనే భాష్యం రాశాడు. భారమంతా కొక్కెం మోయడం అన్యాయమని కడ్డీకీ ఫలకానికీ మధ్య ఒక అడ్డుసీల పెట్టాడు. కడ్డీ ఊగే రంధ్రాన్ని కాస్త కోలగా తొలిచి అరుగుదలకు చోటిచ్చాడు. మూలకారుడి కన్నా భాష్యకారుడు గట్టివాడు కావడం మన శాస్త్రాల్లోనూ ఉన్నదే.

అయినా ‘వెనుదిరుగదు’ అతిశయోక్తే. మడత కత్తిని దుంగ మీద పెట్టి కర్రతో బాదేవాడికి ఈ పద్యం పూచీ పడదు. ఆ పనికి 119 ఉంది.

పాఠభేదం: ‘ఉక్కు’ అన్నచోట ప్రాచీన ప్రతుల్లో 440సి, నడిమి ప్రతుల్లో 425ఎం, నేటి ప్రతుల్లో 420హెచ్‌సి. పాత పాఠం పదునును ఎక్కువకాలం నిలుపుతుంది, నేటిది సానకు త్వరగా లొంగుతుంది. నిత్యం వాడేవాడికి నేటిదే హితం.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని నిత్యం పఠించేవారు వేట ముగిశాక పిడి గర్భంలో ఇరుక్కున్న కొవ్వునూ వెంట్రుకలనూ పుల్లతో తీసి, వేడినీళ్ళతో కడిగి, బాగా ఆరనిచ్చి, ఇరుసు సీల మీద ఒక చుక్క నూనె వేయవలెను. తోలు ఒరలోనే నెలల తరబడి వదిలేసినవారి ఇత్తడికి చిలుము పట్టును.