షాంఘై ఇంటావిడ చీటీ: సటీకా తాత్పర్యం

మూలం

పోలీసు చీటీ రేపటిలోగా. గ్యాసు కార్డు సొరుగులో. చెత్త వేళకే. నీళ్ళు కాచి. మిగతావి ఫోన్లో.

అవతారిక

షాంఘై నగరంలో అద్దెయింట దిగే విదేశీయునికి ఇంటి యజమానురాలు తాళంచెవులతో పాటు ఇచ్చిపోయే చీటీల సారాన్ని ఒకచోట కూర్చిన ప్రతినిధి పాఠమే పై మూలం. ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతపు బిళ్ళతో అంటించి ఉండే ఈ జాతి గ్రంథాలకు కర్త పేరుండదు, మంగళాచరణముండదు, ఐదు వాక్యాలు వెతికినా ఒక్క సమాపక క్రియ దొరకదు. సూత్రమన్నది కొద్ది అక్షరాల్లో ఇమడాలని, సందేహానికి తావివ్వరాదని లాక్షణికుల మతం. మొదటి లక్షణం ఈ చీటీకి పూర్తిగా పట్టింది, రెండవది దరిదాపులకు కూడా రాలేదు. మూలంలో లేనిదీ, అక్కరలేనిదీ రాయబోనని మల్లినాథసూరి పెట్టుకున్న నియమం కాళిదాస కావ్యాల విషయంలో చెల్లింది గాని ఈ గ్రంథం పట్ల చెల్లదు. చదువరికి అక్కరకొచ్చేదంతా ఇందులో మూలానికి వెలుపలే ఉంది.

గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయాన్ని నిరూపించడం ఆచారం. విషయం కాపురం పెట్టడం. ప్రయోజనం యజమానురాలికి మాటిమాటికీ ఫోను రాకుండా ఉండడం. సంబంధం ఒక నెల అద్దె డిపాజిట్టుగానూ మూడు నెలల అద్దె ముందుగానూ చెల్లించడం వల్ల ఏర్పడినది, దీనినే అక్కడివారు 'యా యీ ఫూ సాన్' అంటారు. ఇక మిగిలినది అధికారి, అనగా ఈ గ్రంథాన్ని చదవడానికి అర్హుడు. ఐదు సూత్రాలనూ పరిశీలిస్తే, స్థానిక ఫోను నంబరు, స్థానిక బ్యాంకు ఖాతా, పేటలో నలుగురితో పరిచయం ఉన్నవానికి తప్ప ఇందులో ఏ ఒక్కటీ పనికిరాదని తేలుతుంది. అవన్నీ ఉన్నవానికి చీటీతో పనిలేదు. ఈ చిక్కును కర్త్రి గమనించినట్టు లేదు. అందుచేత శాస్త్రాల్లో ఏ ఉదాహరణకైనా ఓపికగా నిలబడే దేవదత్తుణ్ణే ఇక్కడా అధికారిగా నిలబెట్టి, అతనికి కొత్తపల్లి అనే ఇంటిపేరూ, వెంకట అనే ముందుపేరూ చేర్చి వ్యాఖ్యానం సాగించడమైనది.

ప్రథమ సూత్రం: పోలీసు చీటీ రేపటిలోగా

టీక: పోలీసు చీటీ = పేట ఠాణావారు ఇచ్చే తాత్కాలిక నివాస నమోదు పత్రం; రేపటిలోగా = దిగిన 24 గంటలు ముగియక మునుపే.

2013 జూలై 1 నుంచి అమలులో ఉన్న నిష్క్రమణ ప్రవేశ పాలనా చట్టం 39వ అధికరణం ప్రకారం, హోటల్లో కాక మరెక్కడ బస చేసిన విదేశీయుడైనా 24 గంటల్లోగా, తానుగా గాని ఆశ్రయమిచ్చినవారి ద్వారా గాని, ఆ పేట ఠాణాలో నమోదు కావాలి. తప్పితే హెచ్చరికా, 2000 యువాన్ల దాకా జరిమానా ఉండవచ్చు. హోటలువారు పాస్‌పోర్టు తీసుకుని ఆ పని తామే కానిస్తారు కనుక పది రోజులు తిరిగిపోయే యాత్రికునికి ఈ నియమం ఉన్నట్టే తెలియదు. ఇల్లు తీసుకున్న మరుక్షణం అది మెడకు చుట్టుకుంటుంది. ఉద్యోగానికో చదువుకో వీసా మీద వచ్చినవారు దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి, దానికి ఆధారంగా అడిగే కాగితాల్లో ఈ చీటీ ఒకటి. 'పాయ్‌ఛుసువో' అనబడే ఈ పేట ఠాణాలో దొంగలను చూడాలనుకునేవారికి నిరాశే మిగులుతుంది. అక్కడ కనిపించేవి ప్లాస్టిక్ కుర్చీలు, అద్దె ఒప్పందాల నకళ్ళు, ఫొటోకాపీ యంత్రం. షాంఘైలో ఈ నమోదును ఫోను ద్వారా స్వయంగా చేసుకునే వీలు కూడా కల్పించారు.

పూర్వపక్షం: ఒకసారి నమోదైనవాడు నమోదైనట్టే కదా, మరల చెప్పవలసినదేమి? సిద్ధాంతం: ఇల్లు మారితే మళ్ళీ, పాస్‌పోర్టు మారితే మళ్ళీ. ప్రభుత్వం దృష్టిలో నివాసమనేది మనిషికీ కాగితానికీ గోడకూ మధ్య కుదిరిన సంబంధం. మూడింటిలో ఒకటి కదిలినా పాత సంబంధం నశిస్తుంది.

విశేషం: ఈ సూత్రంలో అసలు గ్రంథి పేరు దగ్గర ఉంది. చైనా పౌరుల పేర్లు చాలావరకు రెండు మూడు అక్షరాల్లో ముగుస్తాయి, ఫారాల గడులు ఆ కొలతకే గీసినవి. తెలుగువాని పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, ఇచ్చిన పేరు రెండు మూడు ముక్కలుగా మరొక గడిలో ఉంటుంది, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఠాణా గుమాస్తా దేవదత్తుని పేరును ఇంటిపేరుతో మొదలుపెట్టి రాస్తాడు. సిమ్ కార్డు దుకాణంలోని అమ్మాయి వెంకటతో మొదలుపెట్టి మధ్యలో ఖాళీ లేకుండా కలిపేస్తుంది. బ్యాంకు కౌంటరులో మూడు ముక్కలనూ విడగొట్టి, చివరి ముక్క గడిలో పట్టక రెండక్షరాలు కోస్తారు. ఎవరికి వారు పాస్‌పోర్టు చూసే రాశారు కనుక ఎవరిదీ తప్పు కాదు. నాడు అక్కడ చూసిన దేవదత్తుడే నేడు ఇక్కడ ఉన్నవాడని గుర్తుపట్టడాన్ని వేదాంతులు ప్రత్యభిజ్ఞ అంటారు, దేశకాలాల భేదాన్ని పక్కన పెడితే మిగిలే వ్యక్తి ఒక్కడేనని దాని తాత్పర్యం. చెల్లింపుల యంత్రానికి ఈ విద్య రాదు. సిమ్ కార్డులోని దేవదత్తుడు వేరు, ఖాతాలోని దేవదత్తుడు వేరు అని అది ఎర్ర అక్షరాలతో తీర్పు చెబుతుంది, మూడో దేవదత్తుడు పాస్‌పోర్టు చేతబట్టుకుని రెండు కౌంటర్ల మధ్య తిరుగుతాడు.

ద్వితీయ సూత్రం: గ్యాసు కార్డు సొరుగులో

టీక: గ్యాసు కార్డు = కొన్ని ఇళ్ళలో ముందుగా సొమ్ము కట్టి నింపుకుని, వంటింటి మీటరులో దూర్చితే గ్యాసు వచ్చేలా చేసే కార్డు. సొరుగులో = ఏదో ఒక సొరుగులో.

ఏ సొరుగు అన్న విషయంలో మూలం మౌనం వహించింది. కార్డు దొరికే చోట పాత అద్దెదారు వదిలిపోయిన సోయా సాస్ పొట్లాలు, పుల్లలు, బ్యాటరీలు కూడా దొరకడం పరిపాటి. కార్డులో సొమ్ము అయిపోయే వేళ పప్పు సగం ఉడికిన వేళతో ఏకీభవిస్తుందన్నది అనుభవజ్ఞుల మాట. ఇంతకుమించి ఇందులో చెప్పదగినది లేదు.

తృతీయ సూత్రం: చెత్త వేళకే

టీక: చెత్త = నాలుగు జాతుల త్యాజ్య వస్తువులు; వేళకే = ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు మాత్రమే. ఏవకారం చేత మధ్యాహ్నం నిషిద్ధమని గ్రహించాలి.

ఈ సూత్రం చూడడానికి చిన్నదే గాని దీని వెనుక ఒక ధర్మశాస్త్రముంది. 2019 జూలై 1న షాంఘైలో అమలుకు వచ్చిన చెత్త నిర్వహణ నిబంధనావళి గృహస్థుని త్యాజ్యాలను తిరిగి పనికివచ్చేవి, హానికరమైనవి, తడివి, పొడివి అని విభజించి, వరుసగా నీలం, ఎరుపు, గోధుమ, నలుపు రంగుల డబ్బాలను నిర్దేశించింది. కలిపి వేసి, చెప్పినా దిద్దుకోని వ్యక్తికి 50 నుంచి 200 యువాన్ల జరిమానా. తడి పొడి అనే మాటలను లోకవ్యవహారంలోని అర్థంలో తీసుకున్నవాడు మొదటి సాయంత్రమే భంగపడతాడు, ఎందుకంటే తడిసి ముద్దయిన కాగితపు రుమాలు పొడి చెత్త, ఎండి గలగలలాడే వేరుశెనగ పొట్టు తడి చెత్త. కోడి ఎముక తడి, పంది తొడ ఎముక పొడి. కొబ్బరి చిప్ప పొడి. మామూలు బ్యాటరీ హానికరం కాదు, పొడి. గ్యాసు కార్డు సొరుగులో దొరికిన బ్యాటరీలకూ ఈ నిర్ణయమే వర్తిస్తుంది.

ఇంత గహనమైన విభాగాన్ని సామాన్యులకు అందించడానికి షాంఘైవాసులు ఒక లౌకిక న్యాయాన్ని ప్రచారంలోకి తెచ్చారు, దీనిని వరాహన్యాయమనవచ్చు: పంది తినేది తడి, పంది కూడా ముట్టనిది పొడి, తింటే పంది చచ్చేది హానికరం, అమ్మిన సొమ్ముతో పందిని కొనగలిగేది తిరిగి పనికివచ్చేది. శాస్త్రగ్రంథాల్లో ఇంత క్లుప్తంగా, ఇంత సమగ్రంగా కుదిరిన లక్షణాలు అరుదు. దీనికి కూడా అవ్యాప్తి దోషం లేకపోలేదు. మునగకాడ పిప్పిని పంది తింటుందో లేదో తేల్చిచెప్పిన ప్రమాణం ఎక్కడా లేదు. నమిలి ఉమ్మినది ఆహారశేషమే కనుక తడి అని ఒక పక్షం, పీచుతో గట్టిగా ఉండే మొక్కజొన్న పైపొరను పొడిగా లెక్కించిన న్యాయం చేత ఇదీ పొడే అని మరొక పక్షం. ఇటువంటి సందేహాలను తీర్చే అధికారం డబ్బాల పక్కన చేతికి పట్టీ కట్టుకుని నిలబడే పెద్దావిడది. ఆమెను అందరూ 'ఆయీ', అనగా పిన్నిగారు అని పిలుస్తారు. ఆమె సంచీలోకి తొంగిచూసి వేలితో ఒక డబ్బాను చూపుతుంది, దానిపై అప్పీలు లేదు.

అనుష్ఠాన విధి: తడి చెత్తను సంచీతో పాటు వేయరాదు. సంచీ మూతి విప్పి, పెరుగన్నమూ కరివేపాకూ కాఫీ పిప్పీ గోధుమరంగు డబ్బాలో గుమ్మరించి, అడుగున అంటుకున్న మెతుకులు కూడా రాలేలా దులిపి, ఖాళీ సంచీని పొడి డబ్బాలో వేయాలి. పని ముగిశాక చేతులు కడుక్కోవడానికి చాలా పేటల్లో డబ్బాల పక్కనే కుళాయి పెట్టారు. ఇరుగుపొరుగుతో దేవదత్తుని తొలి పరిచయాలు లిఫ్టులో కాక ఈ కుళాయి దగ్గర జరుగుతాయన్నది మూలంలో లేకపోయినా గ్రహించదగిన ఫలశ్రుతి.

చతుర్థ సూత్రం: నీళ్ళు కాచి

టీక: కాచి = మరిగించి. తాగాలి అన్న క్రియను అధ్యాహారం చేసుకోవాలి.

కుళాయి నీటిని అక్కడ పచ్చిగా తాగరు. మరిగించి తాగే అలవాటు పాతదే అయినా, 1952లో మొదలైన దేశభక్తియుత ఆరోగ్య ఉద్యమం దానిని ఊరూరా స్థిరపరచింది. నేటికీ రైలు పెట్టెల్లో, స్టేషన్లలో, ఆసుపత్రుల్లో వేడినీటి కుళాయి ఉంటుంది. ఆశ్చర్యమల్లా జూలై ఎండలో కూడా హోటల్లో ముందుగా వచ్చేది వేడినీళ్ళ గ్లాసే కావడం. జలుబుకైనా, కడుపునొప్పికైనా, దిగులుకైనా సహోద్యోగులు చెప్పే మందు ఇదే. విజయవాడ వేసవిలో కుండనీళ్ళు తాగి పెరిగినవానికి ఈ సూత్రం రుచించదు, రుచించకపోయినా ఆచరిస్తాడు.

పంచమ సూత్రం: మిగతావి ఫోన్లో

టీక: మిగతావి = పై నాలుగూ కాక జీవితంలో ఉన్నవన్నీ; ఫోన్లో = ఫోనులోని చెల్లింపు, సందేశ యాప్‌లలో.

కరెంటు బిల్లు, నీటి బిల్లు, మెట్రో టికెట్టు, ఆసుపత్రి అపాయింట్‌మెంటు, సందు చివర బచ్చలికూర కట్ట, అన్నీ ఈ ఒక్క పదంలో అణగి ఉన్నాయి. 2004లో పుట్టిన అలీపే, 2011లో వచ్చి 2013లో చెల్లింపులు చేర్చుకున్న వీచాట్ కలిసి నగదును మూలకు నెట్టాయి. నగదును నిరాకరించరాదని కేంద్ర బ్యాంకు నిబంధన ఉన్నది గనుక నోటు ఇస్తే కూరలామె కాదనదు, కాని చిల్లర కోసం పక్క దుకాణానికి వెళ్ళి, అక్కడా లేక తిరిగివస్తుంది. 2023 జూలై నుంచి విదేశీ కార్డులను ఈ యాప్‌లకు జతచేసే వీలు విస్తరించింది, 2024లో ఒక్కో చెల్లింపు పరిమితి 1000 డాలర్ల నుంచి 5000కు పెరిగింది. అయినా విదేశీ కార్డుతో దుకాణంలో చెల్లించడమే సాధ్యం, మనిషికి సొమ్ము పంపడం సాధారణంగా కుదరదు. అందువల్ల దేవదత్తుడు టీవీ కొనగలడు గాని యజమానురాలికి అద్దె పంపలేడు.

అద్దె పంపాలంటే స్థానిక ఖాతా కావాలి. ఖాతా తెరవాలంటే స్థానిక ఫోను నంబరూ, నివాసానికి రుజువూ అడుగుతారు. రుజువుకు అద్దె ఒప్పందం కావాలి. ఒప్పందం మీద సంతకం పడాలంటే అద్దె ముట్టాలి. నైయాయికులు దీనిని చక్రకమనే దోషంగా లెక్కించి, ఇటువంటి వాదాన్ని విడిచిపెట్టమన్నారు. దేవదత్తునికి ఆ స్వేచ్ఛ లేదు, అతని సామాను అప్పటికే లోపలికి వచ్చేసింది. పైగా చాలా యాప్‌లు 18 స్థానాల పౌర గుర్తింపు సంఖ్యను అడుగుతాయి. అందులో మొదటి 6 తొలిసారి నివాసం నమోదైన ప్రాంతాన్ని, తరువాతి 8 పుట్టినతేదీని, 3 వరుసను తెలుపుతాయి, చివరిది తాళం వంటి సరిచూపు అంకె. భారతీయ పాస్‌పోర్టు సంఖ్యలో ఒక అక్షరమూ ఏడంకెలూ మాత్రమే ఉంటాయి కనుక, ఎంత సాగదీసినా 10 స్థానాలు కొరతపడతాయి.

మరి లక్షలమంది విదేశీయులు ఈ చక్రాన్ని ఎలా దాటుతున్నారంటే, దానికి ప్రమాణం గ్రంథాల్లో లేదు, లోకంలో ఉంది. ఆఫీసులో పక్క కుర్చీ సహోద్యోగి గాని, కాలేజీలో పై తరగతి విద్యార్థి గాని తన ఫోనులోంచి అద్దె పంపుతాడు, తన నంబరు మీద రైలు టికెట్టు తీస్తాడు, పార్సెల్‌లు తన పేర తెప్పిస్తాడు. అక్కడ పార్సెల్‌నూ భోజనపు పొట్లాన్నీ ఫోను నంబరులోని చివరి నాలుగంకెలతో, అనగా 'వేయ్‌హావో'తో గుర్తిస్తారు. కనుక మొదటి కొన్ని వారాలు గేటు దగ్గర దేవదత్తుడు ఇంకొకరి అంకెలు పలికి తన అన్నం తాను తెచ్చుకుంటాడు. అన్ని నియమాలూ మనిషిని నంబరుగా మార్చడానికి పుట్టినా, ఆ నంబరు చేతికందే దాకా అతణ్ణి నడిపేది మాట సాయమే. ఈ సంగతిని నియమావళులు చెప్పకపోవడం సహజమే గాని, చీటీ రాసినావిడ చెప్పకపోవడం లోపమే.

ధ్వని విచారం: ఈ సూత్రానికి వాచ్యార్థం తెలిసినదే. వ్యంగ్యార్థం విషయంలో రెండు సంప్రదాయాలున్నాయి. ఇకపై నన్ను విసిగించవద్దని ధ్వనిస్తున్నదని ప్రాచీనులు. అవసరమైతే ఫోను చేయమని ధ్వనిస్తున్నదని నవ్యులు. నవ్యుల మతమే గ్రాహ్యం. గ్యాసు కార్డు దొరకలేదని దేవదత్తుడు ఒక వాక్యం పంపితే, యజమానురాలి నుంచి వీచాట్ అనుమతించే గరిష్ఠ పరిమితి అయిన 60 సెకన్ల మాటల సందేశాలు వరసగా మూడు వస్తాయి. వాటిని అక్షరాలుగా మార్చే సదుపాయం ఆ యాప్‌లోనే ఉన్నా, షాంఘై యాసను అది తనకు తోచినట్టు రాస్తుంది. అట్టి పాఠాల్లో సొరుగు ఒకసారి పడకగదిలోనూ మరొకసారి మేనల్లుని ఇంట్లోనూ ఉన్నట్టు కనిపించడం చేత పాఠనిర్ణయం దుష్కరం.

ప్రక్షిప్త విచారం: కొన్ని ప్రతుల్లో చివర 'చెప్పులు గుమ్మం దగ్గరే' అనే ఆరవ సూత్రం కనిపిస్తుంది. అర్థం స్పష్టం.