బోటు కొనబోయే మామయ్య

కొనేవాళ్ళు వేరు, కొనబోయేవాళ్ళు వేరు. మా చిన్నమామయ్య రెండో జాతి. కలకత్తా గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయంలో రిటైరైన నాటినుంచీ చిన్న డీజిల్ బోటొకటి కొనబోతున్నాడు. అత్తయ్యను ఎక్కించుకుని వాట్‌గంజ్ నుంచి గంగాసాగర్ దాకా, ఓపికుంటే ఒడ్డు వెంబడే కాకినాడ దాకా వెళ్ళాలట. అత్తయ్య మాత్రం గాలి తగలాలనిపిస్తే టిక్కెట్టు కొనుక్కుని ఫెర్రీలో హౌరా వెళ్ళొస్తుంది.

వాట్‌గంజ్‌కి ఆ పేరు హెన్రీ వాట్సన్ దొర వల్ల వచ్చింది. 1780ల్లో ఇక్కడ ఓడలు కట్టే యార్డు పెట్టాడాయన. అప్పట్లో మామయ్యను సలహా అడక్కపోవడం దొర అదృష్టం. అడిగుంటే ఒక్క ఓడా నీళ్ళలోకి దిగేది కాదు.

ఆదివారం వచ్చిందంటే పాత బోట్లు చూడ్డానికి బయల్దేరతాడు. టార్చిలైటు, నూనెగుడ్డ మోసేది నేను. బోటెక్కగానే ముందు ఇంజను మీద చెయ్యేసి చూస్తాడు. వెచ్చగా ఉంటే దిగిపోతాడు. చల్లటి ఇంజను ఎలా స్టార్టవుతుందో మనకు తెలియకూడదని, మనం వచ్చేలోపు ఒకసారి తిప్పి ఉంచుతారట. తర్వాత పొగ. నల్లగా ఉంటే భారం ఎక్కువైంది, నీలంగా ఉంటే ఇంజనాయిలు తాగుతోంది, తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే నీళ్ళు లోపలికి పోతున్నాయి. ఇదంతా నిజమే. కానీ మా చెల్లెలి పెళ్ళిచూపుల్లో, గడగడా మాట్లాడుతున్న పెళ్ళికొడుకును చూసి, "ఒరేయ్, వీణ్ణి మనం రాకముందే వేడిచేసి పెట్టార్రా" అని నా చెవిలో అనడం అవసరమా? (అన్న మాట తప్పు కాలేదు. అదే నా బాధ.)

లెక్కలు కూడా ఉన్నాయి. నీటిమట్టం దగ్గర బోటు పొడవు పాతిక అడుగులైతే, వర్గమూలం అయిదు, దాన్ని 1.34తో హెచ్చవేస్తే 6.7 నాట్లు. "నీళ్ళు చీల్చుకుపోయే బోటుకి అంతే వేగం. ఆపైన ఎన్ని హార్స్‌పవర్లు పెట్టినా వెనకభాగం మునుగుతుంది గానీ ముందుకు పోదు" అంటాడు. "మరి పోటు ఎదురొస్తే?" అన్నాను. వారంపాటు నాతో మాట్లాడలేదు. హుగ్లీ నీళ్ళు నేరుగా ఇంజనులోకి తోడితే ఒండ్రు పట్టేస్తుంది కాబట్టి, లోపల మంచినీళ్ళు తిరిగే ఇంజనే కావాలంటాడు. ఈ ఉపన్యాసం ఘాట్ మెట్లమీద సాగుతుండగానే, పొలాల్లో నీళ్ళు తోడాల్సిన పంపింజను బిగించుకున్న భట్‌భటి పడవ ఒకటి నిండా జనంతో మా ముందునుంచే పోతుంది. మామయ్య దానికేసి చూడడు.

1913లో రుడాల్ఫ్ డీజిల్ ఇంగ్లండు వెళ్తూ రాత్రివేళ ఓడమీంచి మాయమైపోయాడు. "ఆవిరోడ ఎక్కాడ్రా, తన ఇంజను తను నమ్మక!" అని మామయ్య ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

మొన్నటికి మొన్న అన్నీ కుదిరిన బోటు దొరికింది. ఇంజను చల్లగా ఉంది, ఒక్క తిప్పుకే అందుకుంది, పొగ కంటికి ఆనలేదు. మామయ్యకు ముచ్చెమటలు పోశాయి. "ఇంత మంచిదాన్ని ఎందుకమ్ముతున్నట్టు?" అని నిలదీశాడు. ఆ పెద్దమనిషి సిగ్గుపడుతూ, ఇంతకంటే మంచిది కొనబోతున్నానన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ కలిసే వెళ్తున్నారు. అత్తయ్య పులిహోర ఎక్కువ కలుపుతోంది. టార్చిలైటు నా దగ్గరే ఉంది.