ఈస్ట్ కోస్ట్ ఇసుకలో లంకెబిందెలు

మొత్తానికి సింగపూర్ తెలుగువారికి కొత్త వ్యాపకం దొరికింది. ఇన్నాళ్లూ శనివారం అంటే టెక్కా మార్కెట్లో గోంగూర వెతుక్కోవడం, ముస్తఫాలో తప్పిపోవడం. ఇప్పుడు చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర పళ్లెం, వెనకాల ఫోను పట్టుకుని బావమరిది. పళ్లెం కుయ్‌మంటుంది. అన్నగారు ఇసుకలో కూలబడతారు. "ఫ్రెండ్స్, నా చేతులు వణుకుతున్నాయి, చూడండి" అంటారు. చూస్తాం, వణకవు. నాలుగు సార్లు పార వేసేసరికి గుప్పెడు నాణేలు బయటికొస్తాయి. వీడియో మీద ఎర్రటి అక్షరాలు: సింగపూర్ బీచ్‌లో వేల ఏళ్ల నిధి!

మీకూ వచ్చే ఉంటుంది. నాకు కాకినాడ నుంచి మా పెద్దమ్మ పంపింది, "ఇన్నేళ్లుగా నువ్వక్కడ ఏం చేస్తున్నావురా?" అన్న ప్రశ్నతో సహా.

ముందు ఆ నాణేల సంగతి. ఉప్పునీటి తడిలో రాగి కొన్నాళ్లుంటేనే పచ్చబారుతుంది. వేల ఏళ్లు పడుకుని లేచిన ఈ బిళ్లలు మాత్రం పెళ్లిచూపులకు తయారైనట్టు మెరుస్తున్నాయి. వాటిలో ఒకటి నలుచదరంగా ఉంది. అది స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ కాలపు ఒక సెంటు బిళ్ల, 1919 నుంచి ఆ ఆకారంలో వేశారు. అయిదో జార్జి కిరీటం పెట్టుకుని మరీ కనిపిస్తున్నాడు. అన్నగారు మాత్రం "ఎవరో ప్రాచీన మహారాజు, ఫ్రెండ్స్" అంటున్నారు.

పోనీ, నాణేలను వదిలేద్దాం. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ బీచి.

ఈస్ట్ కోస్ట్ పార్కు ఉన్న నేల 1966కు ముందు లేదు. పొదల్లోనో, చిత్తడిలోనో ఉందని కాదు, అసలు లేదు. అక్కడ సముద్రం ఉండేది. ఆ ఏడాది పూడ్చడం మొదలుపెట్టారు. బెడోక్, సిగ్లాప్ వైపు కొండల్ని యంత్రాలతో తొలిచి, ఆ మట్టిని కన్వేయర్ బెల్టుల మీద తెచ్చి నీళ్లలో పోశారు. దశ తర్వాత దశగా ఏళ్ల తరబడి పోస్తూనే ఉన్నారు. 1960ల నాటికి 580 చదరపు కిలోమీటర్ల చిల్లరగా ఉన్న దేశం ఇప్పుడు 730 దాటింది. ఆ పెరిగిన దాంట్లో ఓ ముక్క మీద మన అన్నగారు నిల్చుని చరిత్ర తవ్వుతున్నారు.

'పాతాళభైరవి' 1951లో వచ్చింది. అంటే ఎన్టీఆర్ తెర మీద నిధి సాధించేసిన పదిహేనేళ్లకు గానీ ఈ బీచి పుట్టడం మొదలుకాలేదు. నేపాళ మాంత్రికుడే ఆ రోజుల్లో అక్కడికి వచ్చి ఉంటే ముందు ఈత నేర్చుకోవాల్సి వచ్చేది.

కొండను తవ్వి ఎలుకను పట్టడం మన సామెత. సింగపూర్ వాళ్లు కొండను తవ్వి సముద్రాన్ని పూడ్చారు. ఇప్పుడు మనవాళ్లు ఆ పూడ్చినదాన్ని తవ్వి ఎలుకను పడుతున్నారు.

"ఆ కొండమట్టితోనే పాత నాణేలు కలిసి రాకూడదా?" అని ఒక పెద్దమనిషి నాతో వాదానికి దిగారు. ఎందుకు రాకూడదు, రావచ్చు. ఇనప కోరల యంత్రం కొండను చీల్చి, బెల్టు మీద దొర్లించి, సముద్రంలోకి విసిరేశాక కూడా నాణేలన్నీ చెల్లాచెదురు కాకుండా, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, బార్బెక్యూ గుంటకు పక్కనే, పార్కింగుకు దగ్గర్లో, జానెడు లోతున కుటుంబ సమేతంగా స్థిరపడి ఉండొచ్చు. అన్నగారి అదృష్టం.

ఇక ఆ నిధి ఎవరిది? రాజేంద్ర చోళుడిదట! 1025లో శ్రీవిజయం మీదికి ఓడలు పంపాడు కదా, దారిలో ఇక్కడ దింపి ఉంటాడట. తంజావూరు శాసనంలో ఆయన జయించిన ఊళ్ల జాబితా ఉంది: కడారం, తక్కోలం, ఇలంగాశోకం, అలా డజను పైచిలుకు. ఈ దీవి పాత పేరు తెమాసెక్ అందులో లేదు. ఏం పర్వాలేదు. రాజేంద్రుడి అల్లుడు మన రాజరాజ నరేంద్రుడు. రాజరాజ నరేంద్రుడి దగ్గర నన్నయగారు ఉండేవారు. నన్నయగారి భాష మనం మాట్లాడతాం. అంచేత ఈస్ట్ కోస్ట్ ఇసుకలో దొరికేదంతా మామగారి సొమ్ము, మనకు వాటా ఉంది. ఈ లెక్కన రాజమండ్రి వాళ్లు సెంతోసా కూడా అడగొచ్చు.

అన్నట్టు, మామూలు డిటెక్టరుకు నాణెం కనిపించేది జానెడు, మహా అయితే జానెడున్నర లోతు వరకే. తడి ఉప్పు ఇసుకలో అది ఏమీ లేకపోయినా కూస్తుంది. ఈ రెండు ముక్కలూ అమ్మేవాడు చెప్పడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. నవ్వుకుని ఊరుకోవచ్చు కూడా. కానీ ఆ వీడియోల కింద మన ఊళ్ల నుంచి వచ్చే వ్యాఖ్యలు చదివాను. "అన్నా, మా ఊరి గుట్ట మీద పాత గుడి ఉంది, ఈ మిషన్ ఎంత?" "అన్నా, రాయి కింద కూడా చూపిస్తుందా?" అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది.

2019 జూలై. ఆనెగొందిలో తుంగభద్ర మధ్య నవబృందావనంలో, కృష్ణదేవరాయల గురువు వ్యాసరాయల బృందావనాన్ని నిధి కోసం రాత్రి పూట పగలగొట్టారు. పట్టుబడ్డవాళ్లు మన ఆంధ్రప్రదేశ్ వాళ్లే. అదే నెలలో అనంతపురం జిల్లా కొర్తికోటలో శివాలయంలో ముగ్గురిని గొంతు కోసి చంపారు. గుప్త నిధుల కోసం బలి ఇచ్చి ఉంటారని పోలీసులు అనుమానించారు. ఒక్క నెల, రెండు చోట్ల. ఇది సరదా వ్యాపకమా? నందుల కడుపులు చీలుస్తున్నారు, ధ్వజస్తంభాల కిందికి సొరంగాలు పెడుతున్నారు, వీరగల్లులు పెకలిస్తున్నారు. వాళ్ల దగ్గర ఇన్నాళ్లూ మంత్రగాడు ఉండేవాడు. ఇప్పుడు మంత్రగాడి చేతికి మీరు బ్యాటరీతో నడిచే కర్ర కూడా ఇస్తున్నారు, డిస్కౌంటు లింకుతో సహా.

ప్రభుత్వాలేమైనా తక్కువ తిన్నాయా? 2013లో ఒక సాధువుకు వెయ్యి టన్నుల బంగారం కలలో కనిపిస్తే, ఉత్తరప్రదేశ్‌లోని దౌండియా ఖేడాలో పురావస్తు శాఖ వాళ్లు గడ్డపారలు పట్టుకుని దిగారు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో మన అధికారులే దగ్గరుండి తవ్వించారు. ఊరివాళ్లు వద్దన్నారు, వినలేదు. ఎముకలు, ఇటుకలు వచ్చాయి. కోటకు గోతులు మిగిలాయి.

ఒక గొయ్యి వల్ల పోయేదేమిటో ఈ అన్నగారికి అర్థం కావడం లేదు. నాణెం ఒక్కటీ చెప్పేది చాలా తక్కువ. సింగపూర్ నది ఒడ్డున తవ్వకాల్లో చైనా సాంగ్ వంశపు రాగి నాణేలు దొరికాయి. నాణెం మీద ముద్రను బట్టి చూస్తే అది వెయ్యేళ్ల నాటిది. కానీ ఆ నాణేలు వేసిన తర్వాత వందల ఏళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి. దాని పక్కన అదే మట్టి పొరలో యువాన్ కాలపు నీలం తెలుపు పింగాణీ ముక్క ఉందనుకోండి, అప్పుడు తెలుస్తుంది, ఆ నాణెం ఇక్కడ పడింది పద్నాలుగో శతాబ్దంలో అని. ఆ పొరను పారతో కలిపేశాక నాణెం మిగులుతుంది, తేదీ పోతుంది. 1984లో జాన్ మిక్సిక్ ఫోర్ట్ కానింగ్ కొండ మీద కదలని పొర దొరకబట్టి, రాఫెల్స్ దొరగారి కంటే అయిదు వందల ఏళ్ల ముందే ఇక్కడ ఊరుందని చూపించగలిగారు. అంతకు ముందు ఇదే దేశంలో, 1843లో, నది ముఖాన ఉన్న పెద్ద శాసనపు రాతిని ఇంగ్లీషువాళ్లు మందుగుండు పెట్టి పేల్చేశారు. మిగిలిన ముక్క మీది అక్షరాలు ఇప్పటికీ ఎవరూ చదవలేదు.

మన దగ్గర మంచి ఉదాహరణ లేదా అంటే, ఉంది. కరీంనగర్ ప్రాంతంలో, గోదావరి ఒడ్డున, కోటిలింగాల. వానకు మట్టి కొట్టుకుపోతే పైకి తేలిన బిళ్లల్ని సంగనభట్ల నరహరి శర్మగారు జాగ్రత్త చేసి పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారికి అందించారు. వాటిలో శాతవాహన వంశకర్త సిముకుడివిగా శాస్త్రిగారు గుర్తించినవి ఉన్నాయి. శాతవాహనుల మొదలు ఎక్కడన్న చర్చే గోదావరి ఒడ్డుకు తిరిగింది. ఆ పనికి ఎవరి చేతులూ వణకలేదు, ఎవరూ లైకులు అడగలేదు.

సింగపూర్ కూడా కడిగిన ముత్యమేం కాదు. బెలితుంగ్ దగ్గర మునిగిన టాంగ్ కాలపు ఓడ సరుకును 2005లో 3.2 కోట్ల అమెరికన్ డాలర్లు పెట్టి కొన్నది. వ్యాపారం కోసం వెలికితీసిన సరుకని అభ్యంతరాలు లేచి, 2011లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ దాని ప్రదర్శనే మానుకుంది. తర్వాత బుద్ధి వచ్చినట్టుంది. పెద్రా బ్రాంకా దగ్గర ఈతగాళ్లకు పింగాణీ పళ్లేలు తగిలితే వాళ్లు మూటగట్టుకోలేదు, చెప్పారు. శాస్త్రీయంగా తవ్వి 2021లో రెండు పాత ఓడల సంగతి ప్రకటించారు. అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి, ప్రభుత్వ భూమిలో దొరికే చారిత్రక ప్రాధాన్యమున్న వస్తువులు రాజ్యానివేనని తేల్చింది. ఈ దేశంలో అధిక భాగం నేల ప్రభుత్వానిదే. అన్నగారూ, వింటున్నారా?

వినకపోతే ఇంకోటి. ఇక్కడి శిక్షాస్మృతి మన పాత ఐపీసీకి కవలే. దొరికిన సొమ్మును దురుద్దేశంతో సొంతం చేసుకుంటే 403, మోసం చేసి సొమ్ము గుంజితే 420. మన దేశంలో 2024 జూలై నుంచి 420 నంబరు పోయింది గానీ, సింగపూర్‌లో నిక్షేపంగా బతికే ఉంది. మీ జేబులోంచి తీసి పాతిపెట్టిన నాణేలు చూపించి డిటెక్టర్లు అమ్ముతుంటే, ఏ సెక్షన్ వర్తిస్తుందో లాయరును అడగండి.

కుయ్‌మన్నదల్లా నాణెం కూడా కాదు. 2023 సెప్టెంబరులో అప్పర్ బుకిత్ తిమా రోడ్డులో ఇళ్లు కట్టే చోట వంద కిలోల బాంబు బయటపడింది, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. నాలుగు వేల మందికి పైగా ఇళ్లు ఖాళీ చేయించి దాన్ని అక్కడే పేల్చారు. ఈ దీవిలో నిజంగా నేల తవ్వేది కూలీలు. ఎండలో, కాంట్రాక్టరు అరుపుల మధ్య, మన తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లతో సహా. వాళ్లకు తగిలేది బాంబు. మీకేమో తెల్లవారుజామున పాతుకున్న నిధి.

1928లో ఫోర్ట్ కానింగ్ మీద నీళ్ల రిజర్వాయరు కోసం తవ్వుతున్న కూలీలకే పద్నాలుగో శతాబ్దపు జావా పనితనం బంగారు ఆభరణాలు దొరికాయి. వాళ్ల పేర్లు మనకు తెలియవు. కొన్ని నగలు జపాన్ ఆక్రమణ కాలంలో మాయమయ్యాయి. మిగిలిన దండకడియం, చెవిపోగులు నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. ఈసారి శనివారం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. పీఆర్ ఉన్నవాళ్లకు శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు. తవ్వే పని అసలే లేదు.